ఆలస్యంగా మేల్కొనే లాప్‌టాప్ : కారణాలు, చికిత్స

నేటి విద్యార్థికి లాప్‌టాప్ పలకయు, పుస్తకమును, తపాలా పెట్టెయు తానే అయి కూర్చున్నది. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుట మొదలు ప్రాజెక్టు నివేదిక సమర్పించుట వరకు అన్నింటికీ అదే ఆధారము. మన కళాశాల విద్యార్థులలో ఎక్కువమంది వద్ద ఉన్నవి అన్నలు వాడి ఇచ్చినవో, రెండవ చేతి సరుకుగా కొన్నవో అయిన యంత్రాలు. ఇటువంటి యంత్రము కొన్నాళ్ళకు మీట నొక్కిన తరువాత నాలుగైదు నిమిషాలకు గాని పనికి సిద్ధము కాదు. అప్పుడు చుట్టూ ఉన్నవారు మూడు తీర్పులు చెబుతారు: వైరస్ పట్టినది, యంత్రము ముసలిదైనది, కొత్తది కొనుము. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా నిజము కావచ్చును. కాని పరీక్షింపకుండా ఇచ్చిన తీర్పు నిజమైనా అది యాదృచ్ఛికమే. ఆలస్యము ఎక్కడ జరుగుతున్నదో తెలుసుకొనుటకు మార్గాలున్నవి. అవి ఇంజనీరింగు చదివినవారికే పరిమితమైన రహస్యాలు కావు.

ముందుగా, మీట నొక్కగానే లోపల జరిగే వ్యవహారమేమిటో చూడవలెను. యంత్రము మేల్కొనగానే దాని తల్లి పలకపై ఉన్న ఒక చిన్న చిప్పులోని ప్రోగ్రాము పని ప్రారంభిస్తుంది. పూర్వము దీనిని బయోస్ అనేవారు, ఇప్పటి యంత్రాలలో దాని స్థానమును యు.ఇ.ఎఫ్.ఐ. ఆక్రమించినది, వాడుకలో మాత్రము పాత పేరే నిలిచినది. అది జ్ఞాపకశక్తి, కీబోర్డు, డిస్కు మొదలైన వాటి హాజరు తీసుకొని, డిస్కులో ఉన్న విండోస్‌ను పిలిచి అధికారమును దానికి అప్పగిస్తుంది. విండోస్ తన మూల భాగాన్ని, పరికరాల డ్రైవర్లను, తెర వెనుక పనిచేసే సేవలను డిస్కు నుండి చదివి జ్ఞాపకశక్తిలోకి తెచ్చుకొంటుంది. సంకేతపదము అడుగుతుంది. అది ఇచ్చిన తరువాత వాడుకదారుని స్వంత ప్రోగ్రాములు ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. అనగా ఆలస్యమునకు కనీసము మూడు మజిలీలున్నవి: కంపెనీ గుర్తు కనబడే దశ, సంకేతపదము అడిగే వరకు గల దశ, సంకేతపదము ఇచ్చిన తరువాతి దశ.

చేతి గడియారము పెట్టుకొని ఈ మూడు దశలకు పట్టిన కాలాన్ని వేరువేరుగా కాగితముపై వ్రాసుకొనుటయే మొదటి పరీక్ష. దీనికి ఖర్చు లేదు, కాని దీనిని చేసేవారు అరుదు. కంపెనీ గుర్తు వద్దనే అర నిమిషము దాటి నిలిచిపోతే దోషము విండోస్‌ది కాకపోవచ్చును. పెన్‌డ్రైవో, బయటి డిస్కో తగిలించి ఉన్నదేమో చూసి తొలగించవలెను. యంత్రము దానిలో విండోస్ కోసము వెదకుతూ ఉండవచ్చును. లోపలి డిస్కు హాజరు పలుకుటకు ఆలస్యము చేసినా ఇదే లక్షణము కనబడుతుంది. సంకేతపదము వరకు త్వరగా వచ్చి, ఆ తరువాత చతికిలబడితే తప్పు సాధారణముగా మనము ఎక్కించుకొన్న ప్రోగ్రాములది. రెండు దశలూ సమానముగా ఈడ్చుకొని సాగితే డిస్కును అనుమానించవలెను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. అందులో స్టార్టప్ అనే విభాగములో, యంత్రముతోపాటు లేచే ప్రోగ్రాముల జాబితా, ఒక్కొక్కటి కలిగించే భారము ఎక్కువా, మధ్యమా, తక్కువా అనే వివరము ఉంటాయి. చాలా యంత్రాలలో పై అంచున బయోస్‌కు పట్టిన సెకన్ల సంఖ్య కూడ కనబడుతుంది. ఆ జాబితాను మొదటిసారి చూసిన విద్యార్థి ఆశ్చర్యపోక తప్పదు. వీడియో సమావేశాల ప్రోగ్రాము, పాటల ప్రోగ్రాము, ఆటల దుకాణము, ప్రింటరు కంపెనీవారి సహాయకుడు, ఎప్పుడో తొలగించాననుకొన్న మరొకటి, అన్నీ పిలవని పేరంటానికి వచ్చి కూర్చున్నట్లు ఉంటాయి. వీటిని డిజేబుల్ చేసినంత మాత్రాన అవి యంత్రము నుండి పోవు. మనము పిలిచినప్పుడు మాత్రమే వస్తాయి. వైరస్ నిరోధకమును, టచ్‌ప్యాడ్, శబ్దము మొదలైన పరికరాలకు సంబంధించిన వాటిని అలాగే ఉంచి, మిగిలినవాటిని నిర్భయముగా ఆపవచ్చును. తెలుగు టైపు కోసము అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి వాటిని ప్రారంభములోనే లేచేటట్లు పెట్టుకొనేవారున్నారు. రోజూ తెలుగు కూర్చేవారికి అది అవసరమే. నెలకొక్కసారి లేఖ వ్రాసేవారికి కాదు.

ఇక డిస్కు సంగతి. నా అభిప్రాయములో పాత లాప్‌టాప్‌ల ఆలస్యములో సింహభాగము దీనిదే కనుక కొంత విపులముగా చెప్పవలసి ఉన్నది.

మన గ్రంథాలయములో పుస్తకాల బీరువాలకు తాళము వేసి, చీటీ ఇస్తే అటెండరు వెళ్ళి పుస్తకము తెచ్చి ఇచ్చే పద్ధతి ఒకటి ఉండేది. పాతరకపు హార్డ్ డిస్కు అటువంటి ఏకైక అటెండరు. దానిలో అయస్కాంత పూత గల పళ్ళెము తిరుగుతూ ఉంటుంది. దానిపై ఒక సన్నని చేయి అటూ ఇటూ కదలి కావలసిన సమాచారము ఉన్న చోటికి చేరుతుంది. లాప్‌టాప్‌లలో సాధారణముగా ఈ పళ్ళెము నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అనగా సెకనుకు 90 సార్లు. ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు చేతి క్రిందికి రావడానికి సగటున అర చుట్టు, అనగా అయిదున్నర మిల్లీసెకన్లు నిరీక్షించవలెను. చేయి కదలుటకు పట్టే కాలము దీనికి అదనము. మొత్తము మీద ఒక్కొక్క చీటీకి 15 మిల్లీసెకన్లకు తక్కువ కాదనుకొంటే, సెకనుకు అరువదికి పైచిలుకు చీటీలను మాత్రమే అది తీర్చగలదు. ఒకే చోట వరుసగా ఉన్న పెద్ద సినిమా ఫైలును అది చక్కగానే చదువుతుంది. కాని విండోస్ మేల్కొనేటప్పుడు చదివేవి పళ్ళెమంతటా చెదరి ఉన్న వేలకొలది చిన్న ఫైళ్ళు. పైగా, సంకేతపదము ఇచ్చిన వెంటనే పది ప్రోగ్రాములు ఒక్కసారిగా చీటీలు చాపుతాయి. అటెండరు ఒక్కడే. ప్రాసెసరు ఎంత గొప్పదైనా అతని రాకకై చేతులు కట్టుకొని నిలబడవలసినదే.

సాలిడ్ స్టేట్ డిస్కు, అనగా ఎస్.ఎస్.డి.లో తిరిగే పళ్ళెము గాని, కదిలే చేయి గాని లేవు. సమాచారము చిప్పులలో ఉంటుంది. ఏ మూలనున్న ఫైలుకైనా దాదాపు ఒకే స్వల్ప కాలము పడుతుంది. సెకనుకు వేలకొలది చీటీలను అది అవలీలగా తీరుస్తుంది. పాత యంత్రములో డిస్కు మార్చినంతనే అది కొత్తదైనట్లు తోచుటకు కారణమిదే.

ఈ పరీక్ష కూడ టాస్క్ మేనేజర్‌లోనే ఉన్నది. పెర్ఫార్మెన్స్ విభాగములో డిస్కు అనే పేరు క్రింద అది హెచ్.డి.డి.యా, ఎస్.ఎస్.డి.యా అన్నది సాధారణముగా తెలుస్తుంది. యంత్రము లేచిన తరువాత పలు నిమిషాలపాటు డిస్కు వినియోగము నూటికి నూరు చూపుతూ, ప్రాసెసరు మాత్రము పదీ ఇరవై శాతము వద్ద తీరికగా ఉంటే, ఆలస్యానికి కారణము డిస్కేనని నిశ్చయించుకోవచ్చును.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక అవసరము. నిన్నటి వరకు నిమిషములో లేచిన యంత్రము వారము పది రోజులలో హఠాత్తుగా ఆరు నిమిషాలకు దిగజారితే, అది బద్ధకము కాకపోవచ్చును. డిస్కు మరణశయ్యపై ఉన్నదనుటకు సూచన కావచ్చును. పళ్ళెముపై కొన్ని చోట్లు చెడిపోయినప్పుడు డిస్కు అక్కడ మళ్ళీ మళ్ళీ చదువుటకు ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నమే మనకు ఆలస్యముగా కనబడుతుంది. టిక్కు టిక్కుమనే శబ్దము, ఫైళ్ళు తెరుచుకొనకపోవుట, తెర స్తంభించుట దీనికి తోడు లక్షణాలు.

మా విద్యార్థిని ఒకతె తండ్రిగారు ఇంటివద్ద ఉర్దూ కంపోజింగు చేసి కుటుంబాన్ని పోషిస్తారు. ఇన్‌పేజ్‌లో కూర్చిన శాదీ రుఖ్‌ఆలు, మదర్సాల రసీదు పుస్తకాలు, ఇద్దరు ముగ్గురు కవుల సంకలనాలు, ఏళ్ళ తరబడి చేసిన పని అంతా ఆ ఒక్క యంత్రములోనే ఉన్నది. అదే యంత్రముపై ఈ అమ్మాయి తన చివరి సంవత్సరపు ప్రాజెక్టు వ్రాసుకొంటున్నది. యంత్రము మందగించగా మరమ్మతు దుకాణములో ఒకాయన ఫార్మాట్ చేస్తే సరిపోతుందని సెలవిచ్చారట. ఫార్మాట్ అనగా ఇల్లు ఊడ్చుట కాదు, సామాను వీధిలో పారవేయుట. చెడుతున్న డిస్కును ఫార్మాట్ చేసి విండోస్ ఎక్కించినా రోగము పోదు. ఉన్న సమాచారము మాత్రము పోతుంది. అదృష్టవశాత్తు ఆమె ఒప్పుకొనక, ముందు ఒక బయటి డిస్కులోనికి ఫైళ్ళన్నీ ఎక్కించుకొన్నది. దానికి ఒక రాత్రి, మరుసటి పగలు పట్టినవి. రెండు ఫోల్డర్లు రానే లేదు. మిగిలినవి దక్కినవి. పాత డిస్కు ఆ నెలలోనే పూర్తిగా మూగబోయినది.

కావున ఏ చికిత్సకైనా ముందు, పోతే తిరిగి రాని ఫైళ్ళను వేరొక చోట భద్రపరచవలెను. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము డిస్కు తనను గూర్చి తాను వ్రాసుకొనే ఆరోగ్య పట్టికను చదివి, బాగున్నదో, జాగ్రత్త అవసరమో, చెడిపోయినదో రంగులతో చూపుతుంది. బాగున్నదని చూపినంత మాత్రాన పూర్ణాయుర్దాయమని నమ్మరాదు. జాగ్రత్త అని చూపితే మాత్రము తప్పక నమ్మవలెను. అటువంటి డిస్కుపై డిఫ్రాగ్ చేయుట గాని, చెక్‌డిస్క్ మరమ్మతు నడుపుట గాని ఫైళ్ళు భద్రపరచుకొనే వరకు తగదు. కొనఊపిరితో ఉన్నవానిని పరుగెత్తించినట్లవుతుంది.

మిగిలిన కారణాలు చిన్నవి. జ్ఞాపకశక్తి 4 జి.బి. మాత్రమే ఉంటే చోటు చాలక విండోస్ కొంత సామగ్రిని డిస్కుపై పెట్టి తెచ్చుకొంటూ ఉంటుంది. దావత్‌కు దస్తర్‌ఖాన్ చిన్నదైతే వడ్డించేవారు వంటగదికీ పందిరికీ తిరిగినట్లే. 8 జి.బి.కి పెంచితే ఉపశమనము ఉంటుంది. కాని కొన్ని యంత్రాలలో అది పలకకే అతికించి ఉంటుంది, పెంచుటకు వీలుండదు. సి డ్రైవు నిండిపోకుండా ఆరవ వంతైనా ఖాళీగా ఉండనివ్వవలెను. వైరస్ నిరోధకాలు రెండు పెట్టుకొన్నవారు రెట్టింపు రక్షణ పొందరు. అవి ఒకదాని పని మరొకటి తనిఖీ చేసుకొంటూ కాలయాపన చేస్తాయి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ సాధారణ విద్యార్థికి చాలును. గాలి రంధ్రాలలో దుమ్ము పేరుకొంటే యంత్రము వేడెక్కి, తనను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొంటుంది. కంపెనీది కాని చార్జరు తగిలించినప్పుడు కూడ కొన్ని యంత్రాలు ఇదే విధముగా ప్రవర్తిస్తాయి.

చాలామందికి తెలియని వింత ఒకటున్నది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉన్నది. ఇది అమలులో ఉన్నప్పుడు షట్ డౌన్ నొక్కితే విండోస్ మూల భాగము నిజముగా ముగియదు. దాని స్థితి డిస్కుపై వ్రాయబడి, మరునాడు అక్కడి నుండే లేస్తుంది. త్వరగా లేపుటకే ఈ ఏర్పాటు. కాని ఏదైనా డ్రైవరు పాడై చిక్కుపడి ఉంటే ఆ చిక్కు కూడ వారాల తరబడి అలాగే కొనసాగుతుంది. రీస్టార్ట్ నొక్కినప్పుడే పూర్తి స్నానము. కావున మరే పరీక్షకైనా ముందు ఒకసారి రీస్టార్ట్ చేసి చూడవలెను.

వేగము పెంచుతామని ప్రకటించుకొనే బూస్టర్లు, రిజిస్ట్రీ క్లీనర్లు కొత్త భారమే గాని తగ్గింపు కావు. ఎం.ఎస్. కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్యను మనము నిర్ణయిస్తే యంత్రము త్వరగా లేస్తుందనే చిట్కా చాలాకాలముగా చేతులు మారుతున్నది. విండోస్ ఉన్న ప్రాసెసర్లన్నింటినీ తానే వాడుకొంటుంది, ఆ చిట్కాకు ఫలితము లేదు.

డిస్కు మార్చ నిశ్చయించినవారు దుకాణానికి వెళ్ళే ముందు తమ యంత్రములో పట్టేది ఏ ఆకారమో తెలుసుకొని వెళ్ళవలెను. పాత హార్డ్ డిస్కు స్థానములో రెండున్నర అంగుళాల సాటా ఎస్.ఎస్.డి. సరిగా అమరుతుంది. చూయింగ్ గమ్ బిళ్ళ వలె పొడవుగా ఉండే ఎం.2 రకములో సాటా, ఎన్.వి.ఎం.ఇ. అని రెండు తెగలున్నవి. ఒకదాని గాడిలో మరొకటి పనిచేయకపోవచ్చును. సాటా కంటె ఎన్.వి.ఎం.ఇ. కాగితముపై అనేక రెట్లు వేగము గలదే. కాని యంత్రము లేచే కాలములో ఆ తేడా కొద్ది సెకన్లకు మించదు; కనుక దానికోసము యంత్రమునే మార్చనక్కరలేదు. కొత్త విండోస్ యంత్రాలలో డిస్కు గుప్తీకరణ తనంతట తానే అమలులో ఉండవచ్చును. అటువంటప్పుడు డిస్కును, బయోస్ అమరికలను తాకక ముందే 48 అంకెల రికవరీ కీని మైక్రోసాఫ్ట్ ఖాతా నుండి కాగితముపై వ్రాసిపెట్టుకొనవలెను. అది లేనిచో స్వంత ఫైళ్ళే స్వంతదారుకు తలుపు తీయవు.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 అడిగే టి.పి.ఎం. 2.0 వంటి హంగులు లేని పాత యంత్రాలకు లైనక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థ మంచి ఆశ్రయము. తెలుగు, ఉర్దూ రెండు లిపులూ అందులో టైపు చేయవచ్చును. కాని ఇన్‌పేజ్‌పై జీవనము సాగించేవారు విండోస్‌ను వదలకుండుటయే క్షేమము.

తీసివేసిన హార్డ్ డిస్కు ఆరోగ్యముగా ఉన్నదని తేలితే దానిని పారవేయనక్కరలేదు. యు.ఎస్.బి. తీగ గల చిన్న ప్లాస్టిక్ పెట్టె దుకాణాలలో తక్కువ ధరకు దొరుకుతుంది. అందులో బిగిస్తే ఫైళ్ళ రెండవ ప్రతి ఉంచుకొనుటకు పనికివస్తుంది. ఆ పనికి దాని నిదాన నడక అడ్డు కాదు.