గొర్రెపాలు, గొర్రెతోలు, గొర్రె మేసే నేల

ఫ్రాన్సు దక్షిణాన టార్న్ నది ఒడ్డున మియో అనే పాత పట్నం వుంది. రోమను చక్రవర్తుల కాలంలోనే దాని పక్క కుమ్మరులు చేసిన ఎర్రమట్టి పాత్రలు దేశదేశాలకు పోయేవి. ఆ పని ఏనాడో అంతరించింది. ఆ తర్వాత పట్నానికి కూడు పెట్టింది గొర్రె.

పట్నానికి ఎగువన లార్జాక్ అనే రాతి పీఠభూమి. నీరు నిలవదు, పైరుకు మట్టి చాలదు. గొర్రెల మేతకే ఆ నేల. ఆ పాలతో రోక్‌ఫోర్ చీజ్ చేస్తారు. మన జున్ను కాదిది. పాలు విరగ్గొట్టి, బూజు పట్టించి, కొండగుహల్లో మాగబెడతారు. పాలన్నీ దీనికే కావాలి గనక పిల్లల్ని లేతప్రాయంలోనే కోసేవారు. ఆ లేత తోళ్ళను పట్నంలో పదునుచేసి చేతితొడుగులు కుట్టేవారు. కత్తిరింపు మగవాళ్ళది, కుట్టు ఆడవాళ్ళది. చాలామంది ఇంటి దగ్గరే కుట్టేవారు, కుట్టిన జతల లెక్కన కూలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత షోకులు మారాయి, చౌక సరుకు దిగింది. కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నేడు మిగిలిన కొద్దిపాటివి ధనవంతుల చేతులకే కుడుతున్నాయి.

పట్నంలో పనులు పోతున్న ఆ రోజుల్లోనే, 1971లో, సర్కారు కన్ను మేతనేల మీద పడింది. లార్జాక్‌లోని సైనిక శిబిరాన్ని 3 వేల హెక్టార్ల నుంచి 17 వేలకు పెంచుతామన్నారు. సైనికులొస్తే వ్యాపారం పెరుగుతుందన్న వాదన కూడా తెచ్చారు. గొర్రెలు పోతే చీజ్ ఏది, తోలు ఏది?

1972 మార్చిలో 103 మంది రైతులు భూమి అమ్మబోమని ప్రమాణం చేశారు. ఆ అక్టోబరులో 60 గొర్రెల్ని పారిస్‌లో ఐఫిల్ టవరు కిందకి తోలారు! 1973లో, మూతపడబోతున్న తమ కార్ఖానా కోసం పోరాడుతున్న లిప్ గడియారాల కార్మికులు లార్జాక్ సభకు వచ్చి చేయి కలిపారు. పదేళ్ళు పట్టింది. 1981లో మిత్తెరాఁ అధ్యక్షుడయ్యాక పథకం రద్దయింది.

అప్పటికే సర్కారు కొనేసిన నేల సంగతేమిటి? మన కూలీలు తెలుసుకోవలసింది ఇదే. సుమారు 6,300 హెక్టార్లను 1985లో ఉమ్మడి సంఘానికి దీర్ఘకాలపు కౌలుకిచ్చారు. సంఘం దాన్ని సాగుదార్లకు కౌలుకిస్తుంది. పని మానుకుని విశ్రాంతి తీసుకునేదాకే హక్కు. ఆ తర్వాత నేల సంఘానికి తిరిగొస్తుంది, కొత్త సాగుదారుకు పోతుంది. అమ్ముకోవటం లేదు, కొడుక్కి రాసివ్వటం లేదు. "పట్టా లేని భూమి ఏం భూమి?" అని మనవాళ్ళు అడుగుతారు, న్యాయమే. అక్కడ మాత్రం పట్టా లేకపోవటం వల్లే నేల బేరగాళ్ళ చేతికి పోలేదు. 2013లో ఆ కౌలును 2083 దాకా పొడిగించారు.