వేలి వాపు కూడా టీబీ కావచ్చు!

టీబీ అంటే చాలామందికి దగ్గు, ఊపిరితిత్తులే గుర్తొస్తాయి. కానీ ఈ క్రిమి రక్తం ద్వారా ఎముకల్లోకి కూడా చేరుతుంది. ఎముకల టీబీ కేసుల్లో దాదాపు సగం వెన్నెముకవే. ఆ తర్వాత తుంటి, మోకాలు. వీటిని డాక్టర్లు త్వరగానే అనుమానిస్తారు. వేళ్లు, మణికట్టు, పక్కటెముక, పుర్రె లాంటి చోట్ల వస్తేనే చిక్కు.

ఎందుకు దొరకదు?

నొప్పి మెల్లగా మొదలవుతుంది. వాపు ఉన్నా మామూలు చీముగడ్డలా వేడిగా, ఎర్రగా ఉండదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అందరిలో కనిపించవు. చాలామందికి దగ్గే ఉండదు. పిల్లల్లో వేలు ఉబ్బితే దెబ్బ తగిలిందని కట్టు కట్టిస్తారు. పెద్దల్లో కీళ్లవాతం అనుకుంటారు. ఎక్స్‌రే చూసి కేన్సరేమోనని భయపడేవాళ్లూ ఉన్నారు. ఇలా నెలలు గడిచిపోతే ఎముక, కీలు పాడైపోతాయి.

ఏ పరీక్షలు చేయాలి?

మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. ఎంఆర్‌ఐలో తేడా ముందే తెలుస్తుంది. అయినా స్కాన్ ఒక్కటే చూసి టీబీ అని ఖాయం చేయలేం. బయాప్సీతో ముక్క తీసి మైక్రోస్కోప్ పరీక్షకు, సీబీనాట్‌కు, కల్చర్‌కు పంపాలి. మొత్తం ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చిపోయి కల్చర్‌కు పనికిరాదు. కొంత సెలైన్‌లో పెట్టాలి. సీబీనాట్ సుమారు 2 గంటల్లో ఫలితం ఇస్తుంది. రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. ఎముకలో క్రిములు తక్కువ కాబట్టి నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదనుకోకూడదు. కల్చర్ ఫలితానికి వారాలు పడుతుంది.

చికిత్స ఎలా?

మన దేశంలో సాధారణంగా మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత కనీసం 10 నెలలు మూడు మందులు ఇస్తారు. అవసరమైతే కోర్సు 18 నెలల వరకు సాగుతుంది. ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. చీము బాగా పేరుకుంటేనో, ఎముక బాగా దెబ్బతింటేనో చేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. నిక్షయ్‌లో పేరు నమోదైతే పోషకాహారానికి నెలకు రూ.1000 బ్యాంకు ఖాతాలో పడుతుంది.

మందులతో మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు వద్దు. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. నొప్పి తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా మొండికేస్తుంది కూడా.

ఇంకో మాట. ఊపిరితిత్తుల్లో టీబీ లేకపోతే ఎముకల టీబీ ఇంట్లోవాళ్లకు అంటదు. పేషెంట్‌కు ప్లేటు, గ్లాసు వేరుగా పెట్టాల్సిన పనిలేదు. వారాల తరబడి తగ్గని వాపుంటే 'ఇది టీబీ కావచ్చా?' అని డాక్టర్‌ను అడగండి.