జాతీయ సైన్యంలో తెలుగువారి చోటు

వలస పాలన నుంచి బయటపడిన దేశానికి కొత్త దళాలను కూర్చుకోవడం కన్నా, పరాయి ప్రభుత్వం తన భద్రత కోసం మలచిన సైన్యాన్ని ప్రజలందరి సైన్యంగా మార్చుకోవడమే కష్టమైన పని; 1947 తర్వాత భారతదేశంలో ఆ పని ఎంతవరకు సాగిందో తెలుగు ప్రాంతం వైపు నుంచి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

తెలుగు నేలపై పాత సైనిక బలాలు ఎలా క్షీణించాయో నెల్లూరు ప్రాంతంలోని ఒక కోట చెబుతుంది: శ్రీకృష్ణదేవరాయలు సుదీర్ఘంగా ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి కోట, ఈస్టిండియా కంపెనీ కాలానికి ఒక జాగీరుగా మిగిలింది. దాని జాగీర్దారును సైతం కుట్ర ఆరోపణపై 1839లో తొలగించి చెంగల్పట్టుకు తరలించారు. స్థానిక సాయుధ బలాలు ఇలా అంతరించాక సైనిక వృత్తికి ప్రధాన ఆధారం కంపెనీవారి మద్రాసు సైన్యమే అయింది, అందులో తెలుగు సిపాయిలు గణనీయంగా ఉండేవారు. అయితే 1881–85 మధ్య ఆ సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దక్షిణాదివారిలో పోరాట పటిమ లేదని భావించి, తర్వాత యావత్ భారత సేనాధిపతి అయినప్పుడు ఆ అభిప్రాయాన్నే విధానంగా నడిపించాడు. కొన్ని కులాలు, ప్రాంతాలవారే పుట్టుకతో యోధులన్న ఈ వాదాన్ని ‘యుద్ధజాతుల సిద్ధాంతం’ అంటారు. 1857 తిరుగుబాటులో మద్రాసు సైన్యం దాదాపు పూర్తిగా ప్రభుత్వానికి విధేయంగానే నిలిచిందన్న సంగతి ఆ వాదనకు అడ్డు రాలేదు! మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మద్రాసు పదాతి పటాలాలు క్రమంగా రద్దయ్యాయి. వంతెనలు, బాటలు నిర్మించే మద్రాసు సాపర్ల దళం మాత్రం బెంగుళూరులో నిలిచింది. రెండో యుద్ధంలో మనుషుల అవసరం ముంచుకొచ్చేసరికి, సిద్ధాంతాన్ని పక్కనపెట్టి మద్రాసు రెజిమెంటును తిరిగి నెలకొల్పారు.

స్వతంత్ర భారతానికి అందినది విభజనలో సుమారు మూడింట రెండు వంతులుగా మిగిలిన ఈ సైన్యమే. 1949 జనవరి 15న కరియప్ప తొలి భారతీయ సేనాధిపతి అయ్యేదాకా దానికి బ్రిటిష్ అధికారులే నాయకత్వం వహించారు. హైదరాబాదు సంస్థాన సైన్యం 1948 సెప్టెంబరు 18న మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోగా, తిరువాన్కూరు, మైసూరు సంస్థానాల పటాలాలు కొన్ని మద్రాసు రెజిమెంటులో చేరాయి. సైన్యంలో అన్ని వర్గాలకూ ప్రవేశం ఉండాలని 1949లో ప్రభుత్వం నిర్ణయించింది, అన్ని ప్రాంతాలవారూ కలిసి పనిచేసే గార్డ్స్ దళం కూడా ఆ ఏడాదే ఏర్పడింది. కానీ తమతమ కూర్పుతో యుద్ధాలు చేసి పేరు తెచ్చుకున్న పాత రెజిమెంట్లను విడదీయడానికి, కశ్మీరు పోరు అప్పుడే ముగిసిన ఆ సమయంలో, ఎవరూ సాహసించలేదు. ఆ జాగ్రత్తను తప్పుపట్టడం కష్టమే గాని, వలస కాలపు విభజన రేఖలు దానివల్లనే కొనసాగాయి: వెల్లింగ్టన్ కేంద్రంగా ఉన్న మద్రాసు రెజిమెంటు నేటికీ ప్రధానంగా దక్షిణాదివారిదే, సిక్కు, డోగ్రా, గఢ్వాల్ రెజిమెంట్లు ఆయా వర్గాలవే. గుంటూరులోని సైనిక నియామక కార్యాలయం ద్వారా సైన్యంలో చేరే ఉదయగిరి, దాని పొరుగునున్న ఆత్మకూరు యువకులకు ఇటువంటి పాత రెజిమెంట్ల కన్నా ఫిరంగి, ఇంజనీరు, సాంకేతిక విభాగాలలోనే దారి విశాలంగా ఉంటుంది.