తప్పలేదత్తా... తిరిగొస్తా చూడు!

బేతంచెర్లలో పొద్దున లేస్తే చెవిన పడేది బండల ఫ్యాక్టరీల రొదే. ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో దానికి గిటార్ కూడా తోడైంది. కర్నూలు నుంచి వచ్చిన మా మేనకోడలు వసారాలో కూర్చుని వాయించేది. బాగా సాగుతున్న పాట మధ్యలో ఉన్నట్టుండి ఒక గరుకు స్వరం! చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న చెవి కదా, ఊరుకోలేకపోయాను.

"ఏమే, స్వరం తప్పినావు" అన్నాను వంటింట్లోంచి.

"తప్పలేదత్తా, కావాలనే బయటికి పోయినా. తిరిగొస్తా చూడు" అంది.

నిజంగానే వచ్చింది. ఆ రావడం ఎంత హాయిగా ఉందో!

ఇంటివి ఏడు, బయటివి ఐదు

హార్మోనియం మీద ఒక స్థాయిలో పన్నెండు మెట్లుంటాయి. గిటార్ తీగ మీదా అంతే. పన్నెండు ఫ్రెట్లు దాటితే పై స్థాయి వస్తుంది. పాటకు ఒక స్కేలు పెట్టుకుంటే ఏడు స్వరాలు ఇంటివి, మిగిలిన ఐదూ బయటివి. మన శంకరాభరణం స్వరాలే పాశ్చాత్యుల మేజర్ స్కేలు. సోలో వాయించేటప్పుడు ఆ బయటి స్వరాలను తాకి రావడం జాజ్ కళాకారులకు మామూలే.

మనకూ కొత్త కాదు

'రారా వేణుగోపా' నేర్చుకున్నారా? ఆ బిలహరి రాగం శంకరాభరణంలో పుట్టిందే. అయినా అప్పుడప్పుడు కైశికి నిషాదం చుట్టంలా వచ్చిపోతుంది. దాన్ని అన్యస్వరం అంటారు, అలాంటివి భాషాంగ రాగాలు. భైరవిలో పైకి పోయేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. కాకపోతే మన రాగంలో ఆ చుట్టం ఏ గుమ్మంలోంచి రావాలో పెద్దలు ముందే చెప్పారు. గిటార్ సోలోలో గుమ్మం వాయించేవాళ్లే వెతుక్కోవాలి.

ఈ రెండు దారులూ కలిసిన చోటు ఒకటుంది. ఇంగ్లండులో పుట్టిన గిటార్ కళాకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ మన వీణ నేర్చుకున్నాడు. 'రిమెంబర్ శక్తి' బృందంలో ఆయన పక్కన కూర్చుని వాయించింది మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969-2014).

ఇలా సాధన చేయాలి

* ముందు స్కేలు కళ్లు మూసుకున్నా వేళ్లకు తెలియాలి. ఇల్లు తెలియనివాళ్లు బయటికి పోతే అది దారి తప్పడమే.

* వెనక ఒకే శ్రుతి గానీ, కార్డ్ గానీ మోగుతుండాలి.

* గాంధారం మీద ఆగాలనుకోండి. దానికి ఒక ఫ్రెట్ కిందిది చటుక్కున తాకి, తాళం దెబ్బ పడేసరికి గాంధారం మీదికి రండి.

* తెలిసిన నాలుగు స్వరాల ముక్కను ఉన్నదున్నట్టు ఒక ఫ్రెట్ పైకి జరిపి వాయించి, వెంటనే పాత చోటికి దిగండి.

* తాళం మాత్రం జారకూడదు. అదీ జారితే వినేవాళ్లకు తప్పుగానే తోస్తుంది.

ఆ ఒక్క స్వరం

నా పెళ్లిచూపుల్లో పాడమన్నారు. భయంతో ఒక స్వరం జారింది. ఎవరో కిసుక్కున నవ్వారు. సరిచేసుకునే లోపే నోరు మూతపడింది. ఆ తర్వాత నలుగురిలో పాడనేలేదు. నాది కావాలని చేసింది కాదు, జారిందే. కానీ ఆగకుండా పక్క స్వరం మీదికి వచ్చుంటే పాట నిలిచేదేమో! ఆ సంగతి అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

మొన్న కరెంటు పోయి ఫ్యాక్టరీలు ఆగిన పూట, మేనకోడలు గిటార్ మీద మేజర్ కార్డ్ మీటుతూ "పాడత్తా" అంది. బిలహరి ఎత్తుకున్నాను. గొంతు వణికింది, రెండుచోట్ల తప్పింది. ఆగకుండా షడ్జానికి వచ్చి నిలబడ్డాను.

మీ ఇంట్లో అమ్మాయి వాయిస్తూ బయటి స్వరం తాకితే వెంటనే కేకేయకండి. ఒక్క ఆవర్తం ఆగి వినండి. తిరిగి వచ్చిందనుకోండి, "ఏదీ, ఇంకోసారి వాయించు" అనండి. రాకపోతే ఎలా రావాలో అప్పుడు చెబుదురుగాని!