రోహిణి ఎండల్లో పెరటి తోట

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇక లేత వంగమొక్క సంగతి వేరే చెప్పాలా? ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లే. మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బావి అడుగంటి, ఇంటి అవసరాలకే నీళ్లు చాలనప్పుడు పెరటికి ఎక్కడినుంచి తెచ్చేది?

కిటుకు నీళ్లు ఎక్కువ పోయడంలో లేదు. పోసిన నీరు ఆవిరై పోకుండా చూడడంలో ఉంది.

మొక్కల చుట్టూ ఎండుటాకులో, వేరుశనగ పొట్టో మూడంగుళాల మందాన పరచండి. కాండానికి మాత్రం తగలనీయకండి. రెండు మొక్కల నడుమ రంగు వేయని మట్టికుండను మెడదాకా పాతి, నీరు నింపి, మూత పెట్టండి. కుండ చెమర్చిన కొద్దీ వేళ్లు ఆ తడిని అందుకుంటాయి. పడమటి ఎండకు తాటాకు తడిక అడ్డం కట్టండి. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు పారబోయకండి, అవీ మొక్కలకే.

నీరు పోసేది తెల్లవారుజామున. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు లోతుకు దిగవు. రెండు మూడు రోజులకొకసారి అడుగంటా తడపండి. మిట్టమధ్యాహ్నం ఆకులు వాలితే కంగారు వద్దు. మరునాడు తెల్లవారినా వాలే ఉంటే అది దాహమే.

అయినా అన్నీ దక్కకపోవచ్చు. ఈ వేడికి టమాటా పూత రాలుతుంది. కనుక ముదిరిన టమాటాను వదిలి, ఆ నీళ్లు గోరుచిక్కుడుకూ, బెండకూ పోయండి. కాపు ముగిసిన వంగను కొమ్మలు కత్తిరించి ఉంచండి. వేరు బతికుంటే చాలు, తొలకరికి అదే చిగురిస్తుంది.