అడ్డం రాకుండా చూడాలి

జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో, భూగర్భంలో, సీసం అయాన్లను దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టిస్తారు. అప్పుడు పుట్టే, చార్మ్ అనే క్వార్క్ ఉన్న కణాల ఆయుష్షు సెకనులో లక్ష కోట్లవ వంతుకు కాస్త అటూ ఇటూ. సాధారణంగా మిల్లీమీటరు దాటకముందే అవి విడిపోతాయి. విడిపోగా వచ్చిన కణాల దారులను వెనక్కి గీసుకుంటూ వెళ్లి, అవి ఎక్కడ కలుస్తున్నాయో పట్టుకోవాలి. ఆ గీతలకు చుక్కలు పెట్టేదే పిక్సెల్ సెన్సర్.

ఇంటర్ పిల్లలకు సెమీకండక్టర్ల పాఠం చెప్పేటప్పుడు దీని సంగతి నేను తప్పకుండా చెబుతాను. విద్యుదావేశం ఉన్న కణం సిలికాన్‌లోంచి దూసుకుపోతే మైక్రానుకు సుమారు 80 ఎలక్ట్రాన్లు విడివడతాయి. దగ్గర్లోని పిక్సెల్ వాటిని పోగుచేసి, కణం తగిలిన చోటు చెబుతుంది.

చిక్కేమిటంటే, సిలికాన్ అయినా, తీగ అయినా, చల్లబరిచే నీటి గొట్టం అయినా కణానికి అడ్డే. ప్రతి అడ్డూ దాని దారిని కొంచెం పక్కకు మళ్లిస్తుంది. అందుకే సెన్సర్ ఎంత దగ్గరగా ఉంటే, ఎంత పలచగా ఉంటే అంత నిజం కనబడుతుంది.

సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగంలో 2021లో అమర్చిన ట్రాకర్, అంటే కణాల దారులను పట్టే పరికరం, ఈ రెండూ సాధించింది. అందులో ఏడు పొరలు, 24 వేలకు పైగా ఆల్పైడ్ అనే సెన్సర్ చిప్‌లు, దాదాపు 1,250 కోట్ల పిక్సెళ్లు. పాత ట్రాకర్ మొదటి పొర అయాన్ల పుంజం (బీమ్) నడుమ నుంచి 39 మిల్లీమీటర్ల దూరంలో ఉండేది, కొత్తదాని మొదటి పొర సుమారు 22కే చేరింది. లోపలి పొరల్లో చిప్ మందం 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకంత లేదా అంతకన్నా తక్కువ. పాత పద్ధతిలో సెన్సర్ వేరు, సంకేతాలు చదివే చిప్ వేరు, రెంటినీ అతికించేవారు. ఆల్పైడ్‌లో రెండూ ఒకే సిలికాన్ ముక్కలో ఒదిగాయి.

అంత పలచబడ్డ సిలికాన్ విరగకుండా వంగగలదు! అందుకే తర్వాతి ట్రాకర్‌లో పెద్ద సెన్సర్లను బీమ్ గొట్టం చుట్టూ అర్ధవృత్తంగా వంచి అమర్చబోతున్నారు. చల్లబరచడానికి నీటి బదులు గాలి చాలు. మొదటి పొర 19 మిల్లీమీటర్లకు చేరుతుంది.

ఇదే ఆల్పైడ్ చిప్‌తో నార్వేలోని బెర్గెన్ బృందం ప్రోటాన్ సీటీ స్కానర్‌ను తయారుచేస్తోంది. క్యాన్సర్ గడ్డకు ప్రోటాన్లు ఎంత లోతుకు చేరాలో మరింత కచ్చితంగా లెక్కగట్టడం దాని లక్ష్యం.

కొత్త కణం దొరికితే సిద్ధాంతకర్తల పేర్లే పత్రికలకెక్కుతాయి. సిలికాన్‌ను మైక్రాన్ల లెక్కన పలచన చేసి, వంచి, పరీక్షించే ఇంజనీర్లు లేకుంటే ఆ సిద్ధాంతం కాగితం దాటదు. ఎలక్ట్రానిక్స్ చదవబోయే పిల్లలు ఈ పనినీ తమ చదువు చేరే చోటుగా చూడాలని నా కోరిక.