గదికొక వేడి, నీటికొక వేడి

పుష్యమాసపు తెల్లవారుజామున నాంపల్లి స్టేషనులో దిగి వసతిగృహము చేరిన ప్రయాణికుడు మొదట అడుగునది వేడినీళ్ళు. గది వెచ్చగా నున్నదా యని అడుగడు. మన హైదరాబాదు చలికి సాధారణముగా దుప్పటి చాలును.

శీతలదేశములలో రెండును కావలయును. అచ్చటి ఇండ్లలో ఒకే బాయిలరు కాచిన నీరు ఒక దారిని గదులలోని రేడియేటర్లకును, మరొక దారిని స్నానపు నీటితొట్టిలోని గొట్టపుచుట్టకును పోవును. రెంటికిని ఒకే మీట యున్నచో, వేసవిలో స్నానమునకై బాయిలరు వెలిగించినప్పుడెల్ల గదులును ఉడికిపోవును. అందుచే దారికొక కవాటమును, వేడిని కనిపెట్టు థర్మోస్టాటును అమర్చుదురు. ఒకటి మూసినను రెండవది పనిచేయును.

మనము ఆబిడ్స్ దుకాణములలో కొను గీజరునకు నీటిపని యొక్కటే. 25 లీటర్ల నీటిని 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాచుటకు సుమారు 1.2 యూనిట్ల విద్యుత్తు పట్టును. వేడి బాగుగా తగ్గించి నిలువయుంచిన నీట హానికరమైన సూక్ష్మజీవులు పెరుగవచ్చును. 60 డిగ్రీల నీరో, అయిదారు సెకండ్లలో ఒడలు కాల్చును. కావున నిలువకొక వేడి, వాడుకకొక వేడి యని మనమును వేరు చేసికొనవలెను. బకెట్టులో మొదట చన్నీళ్ళు, పిదప వేడినీళ్ళు పోయుదము. పసిబిడ్డలున్న ఇంట ఈ క్రమము తప్పరాదు.